హృదయ కాఠిన్యం: దేవుని మాట విని లోబడడం గురించి క్రైస్తవ బోధ

దేవుని మాట పదేపదే చెవిన పడుతున్నా లోబడకుండా ఉండిపోవడం వల్ల మనసు క్రమంగా స్పందన కోల్పోయే స్థితిని క్రైస్తవ వేదాంతంలో హృదయ కాఠిన్యం అంటారు. తెలుగు సంఘాల ప్రసంగాల్లో, ప్రార్థనల్లో ‘హృదయం కఠినపరచుకోవడం’, ‘మనసు బండబారడం’ అనే మాటలు తరచూ వినిపిస్తాయి. బైబిలు రచయితల దృష్టిలో హృదయం ప్రేమకీ దుఃఖానికీ మాత్రమే నెలవు కాదు. ఆలోచన, జ్ఞాపకం, సంకల్పం, నిర్ణయం అన్నీ అక్కడే పుడతాయి. అందుకని కఠిన హృదయం అంటే జాలి లేకపోవడమే కాదు, నిజం తెలిసీ దాని ప్రకారం అడుగు వేయని మొండితనం కూడా. వినడం అన్నప్పుడు కూడా చెవితో పని అయిపోదు. విన్నది చేసినప్పుడే విన్నట్టు లెక్క.

ఈ మాట వినగానే దేవుణ్ణి నమ్మనివాళ్లో, విశ్వాసాన్ని ఎదిరించేవాళ్లో గుర్తుకు రావడం సహజం. బైబిలు చూపించే మనుషులు వేరు. ఐగుప్తు రాజు ఫరోను పక్కన పెడితే, ఈ నింద మోసినవాళ్లలో ఎక్కువమంది దేవుని మాటకు దగ్గరగా బతికినవాళ్లే: సముద్రం పాయలవడం కళ్లారా చూసిన ఇశ్రాయేలీయులు, యెరూషలేము సింహాసనం మీది రాజులు, ధర్మశాస్త్రం కంఠస్థమైన పండితులు, చివరికి యేసు వెంట నడిచిన శిష్యులు. ఈ వ్యాధి ఎక్కువగా విన్నవాళ్లకే సోకుతుందన్నది ఈ బోధలో గట్టిగా పట్టుకోవలసిన సంగతి. తర్వాతి శతాబ్దాల చరిత్ర కూడా అదే చెబుతుంది.

ఫరో

నిర్గమకాండం 4వ అధ్యాయం నుంచి 14వ అధ్యాయం వరకు ఫరో హృదయ కాఠిన్యం ప్రస్తావన సుమారు 20 సార్లు వస్తుంది. అతను తన హృదయాన్ని తానే కఠినపరచుకున్నాడని కొన్నిచోట్ల, అతని హృదయం కఠినమైందని కొన్నిచోట్ల, యెహోవా దాన్ని కఠినపరిచాడని మరికొన్నిచోట్ల ఉంటుంది. తెగుళ్ల వరుస పట్టుకుని చదివితే ఒక క్రమం కనబడుతుంది. ఫరో హృదయాన్ని కఠినపరుస్తానని దేవుడు మోషేతో ముందే చెప్పినా, మొదటి ఐదు తెగుళ్ల కథనంలో దేవుడు ఆ పని చేసినట్టు ఎక్కడా రాయలేదు. ఆరో తెగులు, అంటే ఒళ్లంతా పొక్కులు లేచిన దద్దుర్ల దగ్గర (9:12) ఆ మాట మొదటిసారి వస్తుంది. అంతటితో లెక్క తేలిపోదు. ఏడో తెగులైన వడగండ్లు ఆగగానే మళ్లీ ఫరోయే తన హృదయాన్ని కఠినపరచుకున్నాడని కథ చెబుతుంది. మనిషి చేసినదేదో దేవుడు చేసినదేదో విడదీయకుండానే ఆ గ్రంథం రెండింటినీ చివరిదాకా పక్కపక్కన నడిపిస్తుంది.

రెండో తెగులు దగ్గర ఒక చిన్న సంభాషణ ఉంది. పడకగదుల్లో, పొయ్యిల్లో, పిండి పిసికే తొట్లలో కప్పలు నిండిపోయాయి. వాటిని తొలగించమని దేవుణ్ణి వేడుకోవాలని ఫరో మోషేను బతిమాలాడు. ఎప్పుడు వేడుకోవాలో నువ్వే చెప్పమన్నాడు మోషే. ఫరో ఇచ్చిన జవాబు ‘రేపు’. తక్షణం పోవాల్సిన బాధను ఇంకో రాత్రి భరించడానికైనా ఒప్పుకున్నాడు గాని ఆ క్షణంలో లొంగిపోవడానికి ఒప్పుకోలేదు. మర్నాడు చచ్చిన కప్పలను కుప్పలు పోశారు, దేశమంతా కంపుకొట్టింది, ఊరట దొరకగానే రాజు మాట తప్పాడు. కష్టంలో మెత్తబడడం, అది తీరగానే బిగుసుకోవడం అప్పటి నుంచి అతనికి అలవాటైపోయింది. మూడో తెగులప్పుడు అతని ఆస్థాన శకునగాండ్రే ఇందులో దైవశక్తి ఉందని ఒప్పుకున్నారు. తర్వాత సేవకులు దేశం నాశనమైపోయిందని మొరపెట్టుకున్నారు. చుట్టూ ఉన్నవాళ్లకు అర్థమైనది ఇంకా అర్థం కాని చివరి మనిషిగా ఫరో మిగిలిపోయాడు.

ఈ కథ ఇశ్రాయేలు సరిహద్దులు దాటి వెళ్లింది. తరాల తర్వాత, పట్టుకుపోయిన నిబంధన మందసాన్ని ఏం చేయాలో తోచని ఫిలిష్తీయులకు వాళ్ల పూజారులే ఫరో ఉదాహరణ చూపించి, ఐగుప్తీయుల్లా మొండికేయవద్దని సలహా ఇచ్చారు (1 సమూయేలు 6:6). శత్రు జనానికి అర్థమైన పాఠం అది.

అరణ్యం, 95వ కీర్తన

ఎర్ర సముద్రం దాటి, మన్నా తిని, రెఫీదీము చేరిన జనం నీళ్లు లేవని మోషేతో జగడమాడారు. దేవుడు తమ మధ్య ఉన్నాడో లేడో తేల్చమన్నారు. ఆ చోటికి మస్సా, మెరీబా అని పేర్లు పడ్డాయి. దాహం వేసినందుకు వాళ్లను ఎవరూ తప్పుపట్టలేదు. అంత చూశాక కూడా నమ్మకం మళ్లీ మొదటికి రావడమే తప్పయింది.

95వ కీర్తన ఈ సంఘటనను ఆరాధనలోకి తెచ్చింది. పాడుకుంటూ రండి, సాగిలపడదాం రండి అనే పిలుపుతో మొదలై, సగంలో స్వరం మారి, మెరీబాలో చేసినట్టు హృదయాలు కఠినపరచుకోవద్దన్న హెచ్చరికతో ముగుస్తుంది. సంతోషంగా మందిరానికి వచ్చినవాళ్లకే ఆ హెచ్చరిక. 6వ శతాబ్దంలో బెనెడిక్ట్ రాసిన మఠ నియమావళి ‘విను’ అనే పిలుపుతో ఆరంభమవుతుంది. సన్యాసులు ప్రతిరోజూ తెల్లవారకముందే లేచి ఈ కీర్తన పాడాలని అది నిర్దేశించింది. 1549 నాటి ఆంగ్లికన్ ప్రార్థన గ్రంథం ఉదయ ఆరాధనలో దీన్ని కొనసాగించింది. 1789లో అమెరికా ఎపిస్కోపల్ సంఘం తన ప్రార్థన గ్రంథం సిద్ధం చేసుకున్నప్పుడు హెచ్చరిక ఉన్న చివరి వచనాలు తీసేసి, 96వ కీర్తన నుంచి ఉత్సాహభరితమైన వచనాలు చేర్చింది. పాడుకోవడానికి అదే ఇంపుగా ఉండి ఉండవచ్చు. కీర్తన ప్రాణం మాత్రం తీసేసిన సగంలోనే ఉంది.

ధర్మశాస్త్రంలో ఈ హెచ్చరిక మరో చోట, ఆరాధనతో సంబంధం లేని సందర్భంలో వస్తుంది. ద్వితీయోపదేశకాండం 15:7 పేద సోదరుడి పట్ల హృదయం కఠినం చేసుకోవద్దనీ, చెయ్యి ముడుచుకోవద్దనీ ఆజ్ఞాపిస్తుంది. అప్పులు రద్దయ్యే ఏడో సంవత్సరం దగ్గరపడింది కదా అని ఎవరూ అప్పివ్వకుండా తప్పించుకోకూడదన్నది అక్కడి విషయం. దేవుని పట్ల మనసు ఎలా ఉందో చెప్పే కొలత పక్కవాడి అవసరం దగ్గరే ఉందన్న ఈ అవగాహన మొదటి యోహాను పత్రికలోనూ (3:17) వినిపిస్తుంది.

ఇద్దరు రాజులు, తండ్రీ కొడుకులు

మెత్తని మనసుకీ కఠిన మనసుకీ తేడా చూడాలంటే యోషీయానూ అతని కొడుకు యెహోయాకీమునూ మించిన జంట బైబిల్లో లేదు. సుమారు క్రీ.పూ. 622లో దేవాలయం బాగుచేస్తుండగా ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. దాన్ని చదివి వినిపించగానే యోషీయా తన బట్టలు చింపుకున్నాడు. ప్రవక్త్రి హుల్దా దగ్గరికి మనుషులను పంపి, దేవుడు ఏమంటున్నాడో కనుక్కోమన్నాడు. అతని మనసు మెత్తబడిందని దేవుడు గమనించినట్టు ఆమె చెప్పింది.

సుమారు 18 ఏళ్ల తర్వాత యెహోయాకీము శీతకాలపు నగరులో కుంపటి ముందు కూర్చుని ఉన్నాడు. యిర్మీయా చెప్పగా బారూకు రాసిన గ్రంథపు చుట్టను యెహూది చదువుతున్నాడు. మూడు నాలుగు పుటలు చదవగానే రాజు చాకుతో ఆ భాగం కోసి నిప్పుల్లో వేశాడు. మళ్లీ చదవడం, మళ్లీ కోయడం, అలా చుట్ట మొత్తం బూడిదైంది. ముగ్గురు అధికారులు వద్దని బతిమాలారు. అయినా రాజు గాని, అతని సేవకులు గాని భయపడలేదనీ బట్టలు చింపుకోలేదనీ గ్రంథం ప్రత్యేకంగా చెబుతుంది (యిర్మీయా 36). తండ్రి చింపుకున్నది తన బట్టలను, కొడుకు కోసింది దేవుని మాటను. యెహోయాకీము వినకుండా లేచిపోలేదన్నది గమనించాలి. చివరి వరుస దాకా శ్రద్ధగానే విన్నాడు.

ప్రవక్తలు ఈ స్థితికి మందు మనిషి చేతిలో లేదన్నంత దూరం వెళ్లారు. యెషయాకు వచ్చిన పిలుపులోనే (6:9-10) అతని ప్రకటన వల్ల జనం మనసు మరింత మందగిస్తుందన్న చేదు మాట ఉంది. యెహెజ్కేలు (36:26) దేవుడే రాతిగుండె తీసేసి మాంసపు గుండె ఇస్తాడని వాగ్దానం చేశాడు. క్రైస్తవులు నూతన జన్మ గురించి మాట్లాడేటప్పుడు తిరిగి తిరిగి వచ్చే వచనం ఇది.

వినడం ఎలా ఉండాలో చూపే ఘట్టం షిలోహులో సమూయేలు బాల్యంలో ఉంది. రాత్రి పిలుపు వినగానే పిల్లవాడు మూడుసార్లు ముసలి యాజకుడు ఏలీ దగ్గరికి పరుగెత్తాడు. అది దేవుని స్వరమని గుర్తుపట్టి, ఎలా జవాబివ్వాలో నేర్పింది ఏలీయే. నాలుగోసారి వచ్చిన మాట ఏలీ ఇంటి మీదికే తీర్పు. తెల్లవారాక దాచకుండా చెప్పమని ఏలీ అడిగాడు, విన్నాడు, దేవుని చిత్తమని ఒప్పుకున్నాడు. ఆదివారం బడిలో ఈ కథను పిల్లవాడి విధేయతగానే చెబుతారు గాని, తన మీదికి వచ్చిన తీర్పును చిన్నపిల్లవాడి నోట విన్న ఆ ముసలాయన వినికిడి అంతకంటే కష్టమైనది.

యేసు, శిష్యులు, తొలి సంఘం

మార్కు సువార్త ఈ విషయాన్ని నిర్మొహమాటంగా చెబుతుంది. మూడో అధ్యాయంలో సమాజమందిరంలో చెయ్యి ఎండిపోయిన మనిషి ఉన్నాడు, అది విశ్రాంతి దినం. మేలు చేయడం ధర్మమా కీడు చేయడం ధర్మమా అని యేసు అడిగితే ఎవరూ నోరు విప్పలేదు. వాళ్ల హృదయ కాఠిన్యానికి యేసు కోపగించి, దుఃఖపడ్డాడని మార్కు రాశాడు. కోపం, దుఃఖం రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. ఇక్కడి కాఠిన్యం కేకలు వేయలేదు, మౌనంగా కూర్చుంది. వాళ్లు బయటికి వెళ్లి అదే విశ్రాంతి దినాన హేరోదీయులతో కలిసి ఆయన్ని చంపే ఆలోచన చేశారు.

పదో అధ్యాయంలో మోషే విడాకుల అనుమతి ఇచ్చింది మీ హృదయ కాఠిన్యం వల్లేనని యేసు అంటాడు. అంతకంటే ఆశ్చర్యం కలిగించేది శిష్యుల సంగతి. యేసు నీళ్ల మీద నడిచి వచ్చాక వాళ్లు విభ్రాంతి చెందారనీ, రొట్టెల అద్భుతం అర్థంకాక వాళ్ల హృదయం కఠినమైందనీ మార్కు రాస్తాడు (6:52). ఎనిమిదో అధ్యాయంలో దోనెలో ఒక్కటే రొట్టె ఉందని వాళ్లు చర్చించుకుంటుంటే, మీ హృదయం ఇంకా కఠినంగానే ఉందా అని యేసే అడిగాడు. ఐదువేల మందికి పంచిన చేతులు అవే, మోసిన గంపలు అవే. శత్రువులకు వాడిన మాటనే సువార్తికుడు అపొస్తలులకూ వాడాడు. ఆ తర్వాత ఏ సంఘమూ ఈ హెచ్చరిక బయటివాళ్లకేనని చెప్పుకునే వీలు లేకుండా పోయింది.

పౌలు రోమీయులకు రాసిన పత్రిక 9వ అధ్యాయంలో ఫరో ప్రసక్తి తెచ్చి దేవుని సార్వభౌమత్వాన్ని నిలబెట్టాడు. అదే పత్రిక 2:5లో మారుమనస్సు పొందని కాఠిన్యానికి మనిషినే బాధ్యుణ్ణి చేశాడు. 11వ అధ్యాయంలో ఇశ్రాయేలుకు కలిగిన కాఠిన్యం పాక్షికమనీ, శాశ్వతం కాదనీ వాదించాడు. ఈ చివరి భాగాన్ని పక్కన పెట్టి, యూదులను శాశ్వతంగా శపితులుగా చిత్రించిన బోధ యూరప్ చరిత్రలో ఘోరమైన ద్వేషానికి ఆసరా అయింది. కఠిన హృదయం గురించిన వచనాలనే కఠిన హృదయంతో చదవడం అంటే అదే.

ఈ విషయాన్ని అన్నిటికంటే లోతుగా తడిమింది హెబ్రీయులకు రాసిన పత్రిక. 3, 4 అధ్యాయాలు దాదాపు పూర్తిగా 95వ కీర్తనకు వ్యాఖ్యానం. అలసిపోయి, మునుపటి విశ్వాసం నుంచి జారిపోతున్న క్రైస్తవులకు రాసిన పత్రిక అది. కీర్తనలోని ‘నేడు’ అనే మాటను రచయిత పట్టుకుని వదలడు. అరణ్యంలో వినిపించింది, దావీదు కాలంలో వినిపించింది, ఇప్పుడూ వినిపిస్తోంది కాబట్టి గడువు ఇంకా ముగియలేదంటాడు. ఫరో ‘రేపు’కు ఇంతకంటే సూటి జవాబు బైబిల్లో దొరకదు. పాపం మోసపుచ్చి మనిషిని కఠినపరుస్తుంది కాబట్టి ప్రతిదినమూ ఒకరినొకరు హెచ్చరించుకోమని 3:13 చెబుతుంది. మోసపోయినవాడికి తాను మోసపోయినట్టు తెలియదు కనుక పక్కవాడి కన్ను కావాలన్నది అందులోని తర్కం.

కఠినపరిచింది ఎవరు?

దేవుడే కఠినపరిస్తే ఫరోది తప్పెలా అవుతుందన్న ప్రశ్న రెండో శతాబ్దం నుంచీ ఉంది. మార్సియను అనుచరులు దీన్ని ఆసరా చేసుకుని పాత నిబంధన దేవుడు వేరని వాదించారు. కొందరు జ్ఞానవాదులు మనుషులు పుట్టుకతోనే రక్షణకో నాశనానికో తగిన స్వభావాలతో ఉంటారన్నారు. వీళ్లకు 3వ శతాబ్దపు తొలి దశకాల్లో అలెగ్జాండ్రియా పండితుడు ఓరిజెన్ తన ‘మూల సూత్రాలు’ గ్రంథంలో జవాబిచ్చాడు. ఒకే ఎండకు మైనం కరుగుతుంది, మట్టి గట్టిపడుతుంది. ఒకే వాన దున్నిన పొలంలో పంటనూ బీడులో ముళ్లనూ పెంచుతుంది. దేవుని క్రియ ఒక్కటే, ఫలితం మనసును బట్టి మారుతుందన్నది అతని వాదం. తూర్పు సంఘాలు ఈ ధోరణినే ఎక్కువగా అనుసరించాయి.

పడమటి సంఘపు పండితుడు ఆగస్టీన్ మరో దారి పట్టాడు. క్రీ.శ. 396 ప్రాంతంలో సింప్లీషియానుకు రాసిన జవాబులో, దేవుడు కఠినపరచడమంటే చెడును లోపలికి ఎక్కించడం కాదనీ కనికరం చూపకపోవడమేననీ వివరించాడు. తోమా అక్వినాస్ 13వ శతాబ్దంలో దీన్ని మరింత పదును పెట్టి, కృపను ఉపసంహరించడంగా నిర్వచించాడు. 1524లో ఎరాస్మస్ స్వేచ్ఛా సంకల్పాన్ని సమర్థిస్తూ ఓరిజెన్ వైపు మొగ్గాడు. 1525 చివర్లో లూథర్ ఇచ్చిన ఘాటైన జవాబులో ఫరో కథకు చాలా పుటలు దక్కాయి. దేవుడు అందర్నీ కదిలిస్తూనే ఉంటాడు, చెడ్డవాడు తన స్వభావం కొద్దీ చెడ్డగానే కదులుతాడని లూథర్ వాదించాడు. కాల్విన్ దీన్ని దేవుని శాశ్వత నిర్ణయంతో ముడిపెట్టాడు. అర్మీనియస్ అనుచరులు ఒప్పుకోలేదు, 1618-19లో డోర్ట్ మహాసభ వాళ్లను ఖండించింది. ఆ చీలిక నేటికీ మాసిపోలేదు. ఇన్ని శతాబ్దాల వాదంలో ఎవరూ ఫరోను నిర్దోషి అనలేదు, ఎవరూ అతని స్థితిని దేవుని చేయి దాటిపోయినదిగా చూడలేదు. మనసును మెత్తబరచుకోవడం మనిషి ఒక్కడి వల్ల అయ్యేది కాదన్న మాట కూడా అన్ని పక్షాల వాళ్లూ ప్రార్థనలో ఒప్పుకున్నదే.

మనసును మెత్తగా ఉంచుకునే సాధన

ఐగుప్తు ఎడారిలో బతికిన సన్యాసులు ఈ ప్రశ్నను వాదంతో కాక దినచర్యతో ఎదుర్కొన్నారు. అబ్బా పోయిమెను పేరిట నిలిచిన ఒక బోధ ప్రకారం, రాయి ఎంత గట్టిదైనా దాని మీద బొట్టుబొట్టుగా పడే నీరు దాన్ని తొలిచేస్తుంది. వాక్యాన్ని తరచుగా వినే హృదయం అలాగే తెరుచుకుంటుంది. పాపం కోసం, లోకం కోసం కన్నీరు పెట్టడాన్ని వాళ్లు బలహీనతగా కాక వరంగా ఎంచారు. 12వ శతాబ్దంలో రెండో గిగో అనే సన్యాసి లేఖన పఠనాన్ని చదవడం, మననం, ప్రార్థన, ధ్యానం అనే నాలుగు మెట్లుగా వివరించాడు. కథోలిక సంఘంలో ఈ పద్ధతి నేటికీ ఉంది.

అదే శతాబ్దంలో క్లెర్వోకు చెందిన బెర్నార్డ్ తన పాత శిష్యుడు, అప్పటికి పోపు అయిన మూడో యూజీనియస్‌కు ‘పరిశీలన గురించి’ అనే గ్రంథం రాశాడు. పోపును అతను హెచ్చరించింది భోగవిలాసాల గురించి కాదు, పని ఒత్తిడి గురించి. తెల్లవారింది మొదలు వ్యాజ్యాలు వింటూ, సంఘం వ్యవహారాలు చక్కబెడుతూ ఉంటే, మొదట్లో భరించలేననిపించినది కొన్నాళ్లకు అలవాటై, చివరికి నొప్పే తెలియని కఠిన హృదయం మిగులుతుందన్నాడు. కఠిన హృదయం తన కాఠిన్యానికి జడుసుకోదన్నది అతను చూపిన ప్రధాన లక్షణం. దేవుని పని చేస్తూనే దేవునికి చెవిటివాళ్లం కాగలమన్న ఈ హెచ్చరిక పాదిరులకూ పాస్టర్లకూ సంఘ పెద్దలకూ నేటికీ అంతే అవసరం.

ప్రొటెస్టెంటుల్లో జోనాథన్ ఎడ్వర్డ్స్ 1746లో వెలువరించిన ‘మత భావోద్వేగాలు’ గ్రంథం ముఖ్యమైనది. ఉజ్జీవ సభల్లో ఏడ్చి కేకలు పెట్టినవాళ్లందరూ నిజంగా మారారా అన్న ప్రశ్న అప్పుడు న్యూ ఇంగ్లండును కుదిపేస్తోంది. నిజమైన ఆత్మీయ అనుభవానికి అతను చెప్పిన 12 గుర్తుల్లో తొమ్మిదోది హృదయం మెత్తబడడం. రక్షణ దొరికిందన్న ధీమా మనిషిని పాపం విషయంలో మునుపటికంటే సున్నితంగా చేయాలి. మునుపటికంటే మొద్దుగా చేస్తే ఆ అనుభవాన్ని అనుమానించాలంటాడు.

జాన్ న్యూటన్

విన్నవాడే ఎంతకాలం వినకుండా ఉండగలడో చెప్పడానికి ఆంగ్లేయ నావికుడు జాన్ న్యూటన్ (1725-1807) జీవితాన్ని మించిన ఆధారం లేదు. 1748 మార్చిలో తుపానులో ఓడ మునగబోతుండగా అతను దేవునికి మొరపెట్టాడు. తన మార్పుకు ఆ రోజునే ఆరంభంగా జీవితాంతం స్మరించుకున్నాడు. ఆ మార్పు తర్వాతే అతను బానిసల ఓడలకు కెప్టెన్ అయ్యాడు. 1750 నుంచి 1754 వరకు మూడుసార్లు ఆఫ్రికా తీరం నుంచి మనుషులను సంకెళ్లతో తీసుకెళ్లాడు. ఆదివారాలు నావికులకు ప్రార్థనలు జరిపించేవాడు, బైబిలు చదివేవాడు. తిరుగుబాటు అనుమానం వచ్చినప్పుడు బానిస కుర్రవాళ్ల బొటనవేళ్లకు మరలు బిగించి నిజం రాబట్టినట్టు అతని ఓడ దినచర్య పుస్తకంలోనే ఉంది. 1754లో ఆ పని మానింది అనారోగ్యం వల్ల. ఆ రోజుల్లో అది తప్పన్న సందేహమే తనకు కలగలేదని 1764లో అచ్చయిన తన జీవిత కథనంలో రాసుకున్నాడు.

ఆల్నీలో పాదిరిగా ఉండగా, 1773 నూతన సంవత్సర ఆరాధన కోసం, నేడు ప్రపంచమంతా ‘అమేజింగ్ గ్రేస్’ పేరుతో పాడుకునే కీర్తన రాశాడు. బానిస వ్యాపారాన్ని బహిరంగంగా ఖండించింది మాత్రం 1788లో, కెప్టెన్ పని మానిన 34 ఏళ్లకు. ఆ సంవత్సరం వెలువరించిన చిన్న పుస్తకంలో తను చూసినదంతా దాచకుండా చెప్పి, తాను ఆ వ్యాపారంలో పాలు పంచుకున్నందుకు సిగ్గుపడుతున్నానన్నాడు. ఆ వ్యాపారం నావికుల నైతిక స్పృహనే చెరిపేసి గుండెను ఉక్కులా బిగదీస్తుందని సాక్ష్యమిచ్చాడు. తర్వాత పార్లమెంటు విచారణ ముందూ మాట్లాడాడు, ఆ వ్యాపార నిషేధం కోసం పార్లమెంటులో పోరాడిన విల్బర్‌ఫోర్స్‌కు ఆత్మీయ సలహాదారుగా నిలిచాడు. 1807 మార్చిలో బ్రిటన్ బానిస వ్యాపారాన్ని నిషేధించింది. అదే ఏడాది డిసెంబరులో న్యూటన్ చనిపోయాడు.

న్యూటన్ భక్తిలో కపటం ఉందనడానికి ఆధారం లేదు. అతని ప్రార్థన నిజం, కన్నీరు నిజం. అయినా ఓడ అడుగున గొలుసులతో ఉన్నవాళ్ల మూలుగు అతని మనసును చేరలేదు. చుట్టూ ఉన్న సమాజం మొత్తం ఒక అన్యాయాన్ని మామూలుగా ఎంచినప్పుడు భక్తిపరుడి చెవి కూడా ఎలా మూతపడుతుందో ఇక్కడ కనబడుతుంది. దక్షిణాఫ్రికాలో జాతి వివక్షను లేఖనాలతో సమర్థించిన సంఘాలు, వాటికి ఎదురుగా 1982లో రూపుదిద్దుకున్న బెల్హార్ విశ్వాస ప్రమాణం ఇదే కోవలోకి వస్తాయి. కుల తేడాలను మందిరంలోకి, సమాధుల తోటలోకి మోసుకొచ్చిన భారతీయ సంఘాల మీద దళిత క్రైస్తవులు సంధించిన ప్రశ్న కూడా ఇదే.

తెలుగు నేల మీద

ఒంగోలు బాప్టిస్టు మిషన్ తొలి రోజుల సంఘటన ఒకటి ఈ విషయానికి నేరుగా చెందుతుంది. జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ భక్తుడి సాక్ష్యం వల్ల చుట్టుపక్కల పల్లెల్లో మాదిగలు విశ్వాసంలోకి రాసాగారు. వాళ్లను చేర్చుకుంటే తాము దూరమవుతామని అగ్రవర్ణాలవాళ్లు స్పష్టం చేశారు. పైవర్గాల ద్వారా ఊరిని చేరుకోవాలన్నది అప్పటికి చాలామంది మిషనరీల ఆశ. క్లౌ జ్ఞాపకాల ప్రకారం, ఏం చేయాలో తోచక అతను ఒక గదిలో, భార్య మరో గదిలో ఉండగా, ఒకరికి తెలియకుండా ఒకరు తెరిచిన వాక్యం ఒక్కటే: దేవుడు లోకంలో బలహీనులనూ తృణీకరించబడినవాళ్లనూ ఎన్నుకున్నాడని చెప్పే మొదటి కొరింథీయుల పత్రిక 1:26-29. ఇద్దరూ దాన్ని జవాబుగా తీసుకున్నారు. దానివల్ల పోయేదేమిటో వాళ్లకు తెలుసు. 1876-78 కరువులో సహాయ పనులు జరిగినంతకాలం, అన్నం కోసం వస్తున్నారన్న మాట రాకూడదని క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. పనులు ముగిశాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది ఆరుగురు స్థానిక బోధకులు.

20వ శతాబ్దంలో తెలుగు క్రైస్తవులకు దేవుని స్వరం కోసం కనిపెట్టడం నేర్పినవాళ్లలో ఇద్దరి ప్రభావం పెద్దది. 1938లో బైబిలు మిషన్ ఆరంభించిన ముంగమూరి దేవదాసు అయ్యగారు దేవుని సన్నిధిలో మౌనంగా కనిపెట్టడాన్ని విశ్వాసులకు అలవాటు చేశారు. పంజాబుకు చెందిన భక్త సింగ్ (1903-2000) 1950 నుంచి హైదరాబాదులోని హెబ్రోను కేంద్రంగా పనిచేశారు. ఏ నిర్ణయానికైనా ముందు మోకాళ్ల మీద గంటలు గడపడం ఆయన సహవాసాల్లో నేటికీ కనబడుతుంది.

విన్న స్వరాన్ని పరీక్షించడం

దేవుడు నాతో చెప్పాడన్న మాటకు ఎదురు లేదనుకోవడం కూడా చెవి మూసుకోవడమే. ఆత్మలను పరీక్షించమని మొదటి యోహాను పత్రిక (4:1), ప్రవచనాన్ని తృణీకరించకుండానే సమస్తాన్నీ పరీక్షించమని మొదటి థెస్సలొనీకయుల పత్రిక (5:20-21) చెబుతాయి. లయోలాకు చెందిన ఇగ్నేషియస్ ‘ఆత్మీయ సాధనలు’ (1548) ఈ పరీక్షకు నియమాలు కట్టింది. క్వేకర్లు మౌన సభలో వచ్చిన ప్రేరణను తోటివాళ్ల ముందుంచి నిదానించే పద్ధతి పాటించారు. హిట్లర్ పాలనలో ఫింకెన్‌వాల్డే రహస్య సెమినరీ నడిపిన డీట్రిచ్ బోన్‌హోఫర్ ఆ అనుభవంతో రాసి 1939లో వెలువరించిన పుస్తకంలో, సహోదరుడి మాట వినలేనివాడు కొన్నాళ్లకు దేవుని మాట కూడా వినలేకపోతాడన్నాడు. ఇంట్లోవాళ్ల మాటకు సమయం లేని మనిషి ఉపవాస ప్రార్థనల్లో గంటలు గడిపినా ఈ పరీక్షలో నెగ్గడు.

తాము కఠినమయ్యామని భయపడేవాళ్లు

ఈ బోధ వల్ల నలిగిపోయేవాళ్లూ ఉన్నారు. ప్రార్థనలో ఏ అనుభూతీ లేకపోతే తన గుండె బండబారిందనీ, దేవుడు తనను విడిచాడనీ కుమిలిపోయే విశ్వాసులు ప్రతి సంఘంలోనూ కనబడతారు. 16వ శతాబ్దపు స్పానిష్ సన్యాసి సిలువ యోహాను ఆత్మ ఎండిపోవడానికీ నులివెచ్చగా మారడానికీ తేడా చూపించాడు. ఎండిన ఆత్మ దేవుణ్ణి సరిగా సేవించడం లేదని బాధపడుతూనే ఉంటుంది, నులివెచ్చని ఆత్మకు ఆ బాధే ఉండదు. అనుభవజ్ఞులైన పాస్టర్లు ఇలాంటివాళ్లకు చెప్పే మొదటి మాట కూడా ఇదే.

జాన్ బన్యన్‌కు ఈ భయం సొంత అనుభవం. జ్యేష్ఠత్వం అమ్ముకుని, కన్నీళ్లతో వెతికినా దొరకని ఏశావు వచనం తనను నెలల తరబడి వెంటాడిందని బెడ్‌ఫర్డ్ చెరసాలలో ఉండగా 1666లో అచ్చయిన ఆత్మకథలో రాశాడు. కృప ఆ భయాన్ని మించిందని నమ్మి బయటపడ్డాడు. 1678లో వెలువడ్డ ‘యాత్రికుని ప్రయాణం’లో అదే రచయిత ఇనుప పంజరంలో కూర్చున్న మనిషిని చూపించాడు. తన హృదయాన్ని ఎంతగా కఠినపరచుకున్నానంటే ఇక పశ్చాత్తాపపడలేనని ఆ మనిషి అంటాడు. పంజరం చూపిస్తున్న భావబోధకుడు దేవుని కుమారుడు మిక్కిలి కనికరం గలవాడు కదా అని అతన్ని అడుగుతాడు. మనిషి ఆశ లేదనే చెబుతాడు. అతనికి నిజంగానే దారి మూసుకుపోయిందని భావబోధకుడు తన నోట ఎక్కడా అనడు. ఆ తీర్పు ఆ మనిషి ఒక్కడిదే.